నేలకు గంజి పోసిన మా మరిది

మా మరిది పోయాడన్న కబురు కొల్లేటి మీద దోనెలో వచ్చింది. గట్టున తుంగ ఆరబెట్టుకుంటున్నాను. లంక నుంచి వచ్చిన మనిషి గడ నీళ్లలో గుచ్చి, దోనె దిగకుండానే నిలబడ్డాడు. దిగకపోవడం చూసే నాకు తెలిసిపోయింది.

"పెద్దమ్మగారండీ, మీ మరిదిగారు పొద్దున్నే పోయారండి. జొరం దిగలేదండి. వెనకాల పెద్ద దోనెలో తీసుకొస్తున్నారండి."

చేతిలో తుంగ పక్కన పెట్టాను. అతను వెనక్కి తిరగలేదు.

"ఇంకేంటి, చెప్పు."

"మా పల్లెలో ఓ మాట అనుకుంటున్నారండి. అన్నం వార్చిన గంజి అన్నాళ్లు నేల్లో పోయించారు కదండీ. అన్నపు నీళ్లు అలా నేలపాలు చేస్తే నేల ఊరుకుంటుందా, మనిషిని తీసుకుంది అంటున్నారండి."

"నువ్వేమంటున్నావు?"

"నేనేమంటానండీ. దోనె నడిపేవోణ్ణి."

మనిషి ఇంకా ఇంటికి రాలేదు. నింద ముందొచ్చి గుమ్మంలో కూర్చుంది.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా పేట బడి పంతులమ్మ రాస్తోంది. మాటలు కాస్త దిద్దుతానంది. దిద్దుకో గాని మెత్తబరచవద్దన్నాను. ఎందుకంటే ఆ మాట లంకలో ఆగలేదు. ఆకివీడు సంతకు చేరింది. అక్కడ చేప కంటె ముందు చేతులు మారేది అలాంటి మాటే. సంతలో ఆ మాట కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఇది చదువుతారో, చదివించుకుంటారో, అది వారిష్టం. మా మరిది ఏం పని చేశాడో, ఎందుకు చేశాడో మొదలంటా చెబుతాను. విన్నాక కూడా అతను తప్పు చేశాడనిపిస్తే మా పేటకు వచ్చి నా ఎదుట అనండి.

నేను ఈ ఇంటి కోడలినయ్యేసరికి అతని ఒంటి మీద మొలతాడు తప్ప మరేమీ ఉండేది కాదు. మా అత్తగారు అప్పటికే లేరు. నా చేతి అన్నం తిని పెరిగాడు. పెరిగాక, ఈ ప్రాంతం నుంచి అందరూ వెళుతున్నట్టే కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లిపోయాడు. మొదట బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. తరువాత నది ఎగువకు, కిరసనాయిలు బావుల దగ్గరికి వెళ్లాడు. అక్కడ మనవాళ్ల మీద గొడవలు లేచిన తరువాత తిరిగి వచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక బర్మా గొడుగు, బోలెడన్ని గొప్పలు తెచ్చాడు.

అవును, గొప్పలు చెప్పేవాడు. పోయినవాడు కదా అని మంచిమాటలే చెప్పను. ప్రార్థన మందిరంలో అందరి కంటె పెద్ద గొంతుతో, అందరి కంటె ఒక అడుగు వెనకాల పాడేవాడు. అయ్యగారు వాక్యం చెబుతుంటే నిద్రపోయేవాడు. ఎవరింట్లో ఏ పని జరుగుతున్నా వెళ్లి, అలా కాదండీ అనేవాడు. కాని బురద మాట వచ్చిందంటే ఆ మనిషి వేరు.

బురదకీ కిరసనాయిలుకీ సంబంధమేంటని పేటంతా నవ్వేది. మా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. ఆ బావులు మన గిలక బావుల్లా ఉండవు. చేతులు చాచి కౌగిలిస్తే పట్టేంత సన్నటి కన్నం, అడుగు ఎక్కడుందో దేవుడికి తెలియాలి. ఇనప గొట్టాలతో తొలుస్తూ ఉన్నంతసేపూ పైనుంచి చిక్కటి బురదనీళ్లు నింపుతూనే ఉండాలి. తొలిచిన రాతిపొడిని పైకి మోసుకొచ్చేది ఆ బురదే. గోడలు కూలకుండా ఆనుకుని నిలబడేదీ అదే. అన్నిటినీ మించి, లోపల రాళ్లలో మండే గాలి అణిగి ఉంటుంది. అది లేవకుండా దాని నెత్తి మీద కూర్చునేది కూడా ఆ బురదే.

"మరి ఆ బురద కన్నంలో నిలబడుతుందా?" అని అడిగాను ఒకసారి.

"అదే కదండీ వదినా, అసలు కథ. కొన్ని పొరలు తాగుబోతులు. ఇసకో, బీటలున్న రాయో తగిలిందంటే ఎంత పోసినా తాగేస్తుంది. పైన బురద కలిపే గుంటలో మట్టం దిగిపోతుంది. నెత్తి మీద బరువు తగ్గిందని గాలికి తెలిసిపోతుంది."

"తెలిస్తే?"

ఆ మాటకు ఎప్పుడూ పూర్తిగా జవాబు చెప్పలేదు. అతని పక్క బావిలో అత్తిలి వైపు మనిషి ఒకడు పనిచేసేవాడట. ఒకే కంచంలో తినేవారట. "గుంటలో బురద దిగిపోతూ ఉందండి. మేం ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాం" అనేవాడు. అక్కడికి వచ్చి ఆగిపోయేవాడు. ఆ బావి మండిందని, ఆ మనిషి తిరిగి రాలేదని మిగతా రంగూను వాళ్లు చెబితే తెలిసింది మాకు.

అందుకే అతనికి కొన్ని అలవాట్లు పడిపోయాయి. అన్నంలో గుంట చేసి పులుసు పోయించుకుని, అది ఎటు నుంచి కారుతుందో చూసి, అక్కడ మెతుకులతో వేలు పెట్టి మెత్తేవాడు. ఆ తరువాతే తినేవాడు. "తిను నాయనా, అది గాలి బావి కాదు" అనేదాన్ని. నవ్వేవాడు గాని మానలేదు. గాబులో నీళ్లు, లాంతరులో నూనె, మడిలో నీరు, ఏది చూసినా ముందు ఎంతవరకు ఉందో చూసేవాడు, వెళ్లేటప్పుడు మళ్లీ చూసేవాడు.

ఇక మా పేట బోరింగు సంగతి.

కొల్లేటి గట్టున ఉన్నవాళ్లకి నీళ్ల కరువేంటని పైవాళ్లు అనుకుంటారు. వానాకాలం గడప దాకా నీళ్లే. ఎండలు ముదిరితే సరస్సు వెనక్కి పోతుంది, బావుల్లో మిగిలేది ఉప్పు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు. కాలువలకు నీళ్లు ఆపేశాక ఆడవాళ్లం బిందెలు ఎత్తుకుని ఎండిన కాలువలో మడుగులు వెతుక్కుంటూ పోయేవాళ్లం. ఆ మడుగుల్లో గొడ్లూ మేమూ కలిసే తాగేవాళ్లం. కలరా వచ్చిన ఏడు మా వీధిలో వంట పొగ లేని ఇళ్లు ఎన్నో నేను చెప్పను. ఆ ఏడు పోయినవాళ్లలో మా ఆయన ఒకరు.

అడుగున ఎక్కడో మంచినీళ్లుంటాయి, ఉప్పు పొరలు దాటి గొట్టం దించాలి అన్నది మా మరిదే. ఏలూరు వెళ్లి ఓవర్సీరు గారి వెంట పడ్డాడు. ఆ బాబు మంచివాడు. ఇతని రంగూను గొప్పలన్నీ ఓపిగ్గా విని, గొట్టాలు అరువిప్పించాడు. అవి తాడేపల్లిగూడెంలో రైలు దిగి, బళ్ల మీద మా ఊరొచ్చాయి.

రంగూనులో ఆవిరి యంత్రం చేసే పని ఇక్కడ మనుషులే చేశారు. మూడు తాటి దూలాలు నిలబెట్టి పైన కట్టారు. ఏతంలాంటి దూలానికి కట్టిన మోకు లాగితే గొట్టం లేస్తుంది, వదిలితే దిగుతుంది. పైన అడ్డకర్ర మీద మా మరిది కూర్చుని గొట్టం మూతి మీద అరచెయ్యి పెట్టేవాడు. గొట్టం లేచేటప్పుడు మూసేవాడు, దిగేటప్పుడు తీసేవాడు. మూస్తే లోపల బురద పట్టుకుంటుంది, తీస్తే మట్టితో కలిసి పైకి చిమ్ముతుంది. ఆ బురద పక్క గుంటలో పడి, మళ్లీ కాలవ కట్టుకుని కన్నంలోకే పోతుంది. గుబుక్, గుబుక్ అని పొద్దంతా అదే చప్పుడు. నల్లరేగడి సాఫీగా దిగింది. పేటంతా పండగలా చూసింది.

తరువాత గుల్లపొర తగిలింది. ఎప్పటి కొల్లేరో, ముతక ఇసక, అందులో చచ్చిన గుల్లలు. చప్పుడు మారిపోయింది. మా మరిది అరచెయ్యి ఎత్తి గుంట వైపు చూశాడు. గుంటలో బురద దిగిపోతూ ఉంది. అతని ముఖం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మాది నీళ్ల బావి. అందులో మండేదేం లేదు. అతనికి ఆ సంగతి తెలుసు. అయినా అతని కళ్లకి ఆ గుంటే కనబడింది.

మండకపోయినా నష్టం తక్కువది కాదు. కన్నం నిండుగా లేకపోతే ఇసక కూలి గొట్టాన్ని పట్టేస్తుంది. పట్టిన గొట్టం మళ్లీ రాదు. అరువు గొట్టాలు పోతే మరో ఊరికి కూడా ఇవ్వరు. ఆడవాళ్లం సరస్సు నుంచి బిందెలతో మోసి పోస్తూనే ఉన్నాం, అది తాగుతూనే ఉంది. బంకమట్టి కలిపారు, పేడ కలిపారు, ఊక పోశారు. కాసేపు ఆగేది, మళ్లీ మొదలు.

ఆ మధ్యాహ్నం అతను అన్నానికి వచ్చేసరికి నేను కొత్త కుండ పొయ్యి మీద పెట్టాను.

"వదినా, దాంట్లో అన్నం లేదు, వట్టి గంజి కాస్తున్నారేంటండీ?"

"కొత్త కుండ. గంజి పట్టిస్తే గాని చెమర్చడం మానదు."

"చెమర్చడం ఏంటండీ?"

"రంగూను తిరిగొచ్చావు, కుండ చెమర్చడం తెలియదా? మట్టిలో కంటికి ఆనని కన్నాలుంటాయి. నీళ్లు వాటిలోంచి ఊరిపోతాయి. గంజి పోయి వాటిలో కూర్చుంటుంది."

"పెద్ద బీటుంటేనండీ?"

"పెద్ద బీటకి గంజేం చేస్తుంది? ముందు ఊకా మట్టీ కలిపి మెత్తాలి, ఆ పైన గంజి."

కంచం ముందుకు లాగినవాడు వెనక్కి తోసి లేచిపోయాడు. పులుసు పోయించుకోలేదు కూడా.

ఇక్కడ ఒక మాట తేటగా చెప్పాలి. ఆ ఉపాయం నాదని పేటలో కొందరంటారు. కాదు. కొత్త కుండలో గంజి కాయడం ప్రతి ఇంట్లో ఆడదానికీ తెలుసు. ఇన్నాళ్లూ కాచుకున్నాం, వండుకున్నాం, ఊరుకున్నాం. నేలలో తొలిచిన కన్నం కూడా కొత్త కుండే అని చూసినవాడు అతనొక్కడు. అటు రంగూను బురద, ఇటు మా వంటిల్లు, రెండూ ఒక్క తలలో ఉన్నవాడు అతనొక్కడు. "ఊక అడ్డంగా పడుకుంటుందండి, మట్టి దాని మీద కూర్చుంటుందండి, గంజి వెళ్లి తలుపేస్తుందండి" అని అందరికీ చెప్పేవాడు. ఓవర్సీరు గారికీ ఈ మాటే చెబితే ఆయన నవ్వి, "తలుపేసి చూడవయ్యా, నాకూ చూడాలని ఉంది" అన్నారట.

ఇంటింటికీ తిరిగి, రేపటి నుంచి వార్చిన గంజి బోరింగుకి పంపమన్నాడు. కలిగిన ఇంటివాళ్లకి గంజి ఒక లెక్క కాదేమో. మాకు అదే పొద్దుటి తిండి. అయినా పంపారు. పంపడంలో మా పేట మర్యాద చూపించారు. గంజి ఒకరికి ఇస్తున్నామంటే ఉప్పు వెయ్యకుండా ఇస్తామా? ఒక్కొక్కరూ ఉప్పు వేసి, కలిపి, రుచి చూసి మరీ పంపారు. ఒకావిడ ఉల్లిపాయ కూడా నలిపి వేసింది.

గంజి గుంటలో పడింది. కాసేపటికి బురద పాలు విరిగినట్టు విరిగిపోయింది. పైన తేట నీళ్లు, అడుగున ముద్దలు. ఆ తేట నీళ్లను గుల్లపొర గటగటా తాగేసింది. మా మరిది వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"బోరింగుకి ఉప్పెవరేశారండీ?"

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సంఘపెద్ద గారి భార్యకి మాత్రం కోపం వచ్చింది.

"ఏవయ్యోయ్, ఉప్పు లేని గంజి ఎవరికన్నా పంపుతామా? గొడ్లకి కుడితి పంపుతున్నామనుకున్నావా?"

"గొడ్డేనండీ ఇది. గొడ్డనుకునే పంపండి. ఉప్పు తగిలితే నీళ్లకీ మట్టికీ పొత్తు చెడిపోతుందండి. ఉప్పునీళ్ల పొరలతో మేం రంగూనులో చచ్చే చావు చచ్చాం."

"ఉల్లిపాయ కూడా వద్దా?" అంది వెనక నుంచి ఒకావిడ. అందరూ నవ్వారు. పెద్దగారి భార్య నవ్వలేదు. మర్నాడు ఆవిడ ఇంటి నుంచి గంజి రాలేదు. ఆవిడది పెద్ద కుటుంబం, పెద్ద కుండ. మా మరిది తానే వాళ్ల గుమ్మంలోకి వెళ్లి చతికిలబడి, "అమ్మగారండీ, నాకు ఉప్పేసి ఇయ్యండి, ఉల్లిపాయ కూడా ఇయ్యండి. దానికి మాత్రం చప్పిడిదే ఇయ్యండి" అన్నాడు. ఆవిడ ఇచ్చేదాకా లేవలేదు. తాగి, ఇంకొంచెం అడిగి తాగాడు. అప్పుడు కుండెడు చప్పిడి గంజి భుజాన ఎత్తుకుని వచ్చాడు. గొప్పలు చెప్పే మనిషేగాని, పని ఆగుతుందంటే ఎవరి గుమ్మంలోనైనా కూర్చునేవాడు. అందులో నేను చూసిన గొప్ప అతని గొప్పలన్నిటి కంటె పెద్దది.

ముందు ఊక, తరువాత బంకమట్టి, ఆ తరువాత గోరువెచ్చటి గంజి. గుంటలో బురద మెల్లగా దిగడం తగ్గింది. తరువాత నిలబడింది. అతను గుంట పక్కన గొంతుక్కూర్చుని, నిలబడిన బురదను చంటిబిడ్డ నిద్రపోతుంటే చూసినట్టు చూశాడు. ఎండకి గంజి పులిసిపోతుంది, పులిస్తే పట్టు వదులుతుంది. కాబట్టి ఏ రోజుకారోజు తాజా గంజి పోస్తూనే గుల్లపొర దాటించారు. దాని కింద బంక, దాని కింద సన్న ఇసక, అందులో మంచినీళ్లు.

నీళ్లు పడగానే తాగనిచ్చాడా అంటే లేదు. బిందెలతో వచ్చినవాళ్లని తరిమాడు. తోడి పారబోయించాడు, మళ్లీ తోడించాడు. పులిసిన గంజి వాసన పోవాలి, మడ్డి పోవాలి, గొట్టం వెనకాల చేరిన గంజి వెనకాలే ఉండిపోవాలి అన్నాడు. మా మీద కేకలు, అతని మీద మా కేకలు. చివరికి నీళ్లు తేటపడ్డాయి. ఆ నీళ్లతో పప్పు ఉడికింది. ఇప్పటికీ ఉడుకుతోంది. కలరా మళ్లీ ఈ చుట్టుపక్కలకు వచ్చింది గాని మా వీధిలోకి రాలేదు.

ఇది విని లంక వాళ్లు వచ్చారు. చేపలు పట్టుకుని బతికేవాళ్లు. చుట్టూ నీళ్లే, వేసవిలో తాగడానికి చుక్క లేదు. వాళ్లు మా దేవుణ్ణి కొలవరు, మేం వాళ్ల జాతరకి వెళ్లం. మా మరిది అవేవీ అడగలేదు. "ఎన్ని ఇళ్లున్నాయండీ, అన్నం వార్చే ఇళ్లెన్నండీ?" అని మాత్రం అడిగాడు. ఓవర్సీరు గారిని మళ్లీ పట్టుకున్నాడు. గొట్టాలు దోనెల మీద లంకకు చేరాయి. లంకలోనే పాక వేయించుకుని ఉండిపోయాడు.

అక్కడ గుల్లపొర మా దాని కంటె మందం. దాని మధ్యలో ఉండగా జ్వరం పడింది. ఇంటికి రమ్మని కబురు పెట్టాను. పొర దాటించి వస్తానన్నాడు. నా మాట వినని రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజు మాత్రం నేనే వెళ్లి చెవి పట్టుకుని లాక్కురావలసింది అని పేటలో అందరూ అన్నారు. నేనెళ్లినా వచ్చేవాడు కాడు. నాకు తెలుసు. గుంట దిగుతుంటే విడిచి వచ్చే మనిషి కాడు.

సమాధి చేసి మట్టి ఆరకముందే రెండో కబురు వచ్చింది. అతని తరువాత గొట్టం మీద కూర్చునే మేస్త్రి వచ్చి చెప్పాడు. లంకలో ఎవరూ గంజి ఇవ్వడం లేదు. ఇచ్చిన ఇంటి మనిషిని నేల అడుగుతుందని భయం. నీళ్లు మోసి పోస్తుంటే గొట్టం కదులుతోంది, అంతే. ఇలాగే ఉంటే పట్టేస్తుంది. ఈలోపు గొట్టాలు పీకేసి కన్నం పూడ్చడం మంచిదని ఓవర్సీరు గారికి కూడా తోస్తోంది.

"ఏం చెయ్యమంటారండీ?" అన్నాడు మేస్త్రి.

"నన్ను దోనె ఎక్కించు" అన్నాను.

పూడ్చేశారంటే లంకకు నీళ్లు లేకపోవడమే కాదు. నేల అతణ్ణి శిక్షించిందన్న మాటకి ఆ పూడ్చిన కన్నమే సాక్ష్యమైపోతుంది. ఇక ఈ కొల్లేటి చుట్టూ ఎవరూ ఆ పని తలపెట్టరు. అది నాకు సమ్మతం కాదు.

మా పేట వాళ్లు అడగకుండానే ఆ పొద్దుటి గంజి కుండలు దోనెలోకి ఎక్కించారు. పెద్దగారి భార్య పెద్ద కుండ కూడా అందులో ఉంది. లంకలో దిగేసరికి పల్లె పెద్దా, అతని తల్లీ ఎదురొచ్చారు. ముసలావిడ నా ఈడుది. మా మరిదికి జ్వరంలో నుదుటి మీద గుడ్డ వేసింది ఆవిడే. ఆ మాట పుట్టించిందీ ఆవిడే.

"అమ్మా, మాకు మీ మరిదిగారంటే కోపం కాదండి" అంది. "మంచి మనిషండి. అందుకే భయమండి. అంత మంచి మనిషినే తీసుకుంటే మా పిల్లల్ని వదులుతుందా అండీ?"

నేను తిట్టడానికి వెళ్లాను. ఆవిడ కళ్లలో ఉన్నది భయమని చూశాక తిట్టు రాలేదు.

"సరే, మీరెవరూ పోయకండి. నేను పోస్తాను. నేల కోపగించుకుని ఎవర్నన్నా తీసుకుంటే పోసిన చేతినే తీసుకోవాలి కదా. నన్ను తీసుకోనియ్యండి. ముసలిదాన్ని, దానికీ పెద్ద లాభం ఉండదు."

ఊకా మట్టీ మేస్త్రి వేశాడు. గంజి మాత్రం ప్రతి కుండా నా చేత్తోనే పోశాను, పల్లెంతా చూస్తుండగా పోశాను. తరువాత ఇంటికి పోలేదు. మా మరిది పాకలోనే చాప వేసుకున్నాను. తలుపు తీసే ఉంచాను, దాచడానికేం లేదని.

మర్నాడు పొద్దున ముసలావిడ దూరంగా నిలబడి చూసింది.

"ఉన్నారా అండీ?"

"ఉన్నాను. మీ గంజి ఏదండీ?"

వెళ్లిపోయింది. మా పేట నుంచి దోనెలో గంజి వచ్చింది. నేనే పోశాను. ఆ మరుసటి పొద్దునా అదే వరస. ఈసారి ఆవిడ వెనకాల నలుగురు ఆడవాళ్లున్నారు.

"ఇంకా ఉన్నారా అండీ?"

"ఉన్నాను. ఆకలి కూడా వేస్తోంది. నేల నన్ను తినే లోపు మీరు నాకేమన్నా పెడతారా?"

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. చేపల కూర వచ్చింది, అన్నం వచ్చింది. నేను తిన్నాను. వాళ్లు నన్ను చూస్తూ కూర్చున్నారు. గుంటలో బురద మాత్రం ఇంకా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంది. మా పేట గంజి ఒక్కటే ఆ పొరకి చాలడం లేదు. మేస్త్రి నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం నేను నిజంగా ఓడిపోయాననే అనుకున్నాను.

తరువాతి పొద్దున ఆవిడ "ఉన్నారా" అని అడగలేదు. నెత్తి మీద కుండతో వచ్చింది. నా పక్కన దింపింది.

"ఉప్పు వెయ్యలేదండి. ఆయన చెప్పారండి" అంది.

"పోస్తారా, నన్ను పొయ్యమంటారా?"

ఆవిడ కుండ వంచి తానే పోసింది. పోశాక కొంగుతో ముఖం తుడుచుకుని నా పక్కన కూర్చుంది. కాసేపటికి ఇంకో కుండ వచ్చింది. పొద్దెక్కేసరికి నేనూ ఆవిడా పక్కకు జరగవలసి వచ్చింది, కుండలు పెట్టడానికి చోటు చాలక.

గుంట నిలబడింది. మేస్త్రి పొర దాటించాడు. లంకలో మంచినీళ్లు పడ్డాయి. సంతలో మాటలు అమ్ముకునేవారు ఈ సంగతి కూడా తీసుకెళ్లండి. మా మరిది జ్వరంతో పోయాడు. జ్వరం గంజి పోసినవాణ్ణీ, పొయ్యనివాణ్ణీ అడిగి రాదు. అతను నేలకు చేసింది అపచారం కాదు, పాట్లు పడే మా ఇళ్లలో వార్చిన నీళ్లతో ఇంకో ఊరికి నీళ్లు తెచ్చాడు. నేను చెప్పవలసింది ఇంతే.

ఆ వారమే అతని జ్ఞాపకార్థ కూటం పెట్టాం. లంక నుంచి దోనెల మీద దోనెలు వచ్చాయి. వాళ్లెప్పుడూ మా మందిరంలో అడుగు పెట్టినవాళ్లు కారు. గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించి లోపలికి వచ్చారు, మావాళ్లు సర్దుకుని చాపల మీద చోటిచ్చారు. మామూలు ఆదివారమైతే మా పేట మగవాళ్ల పంచెలు కూర్చున్నా లేచినా ఫెళఫెళలాడతాయి, పెద్దగారి కండువా అయితే అట్టలా నిలబడుతుంది. ఆ వారమంతా గంజి లంక బోరింగుకే పోయింది, బట్టలకి పెట్టడానికి ఏ ఇంట్లోనూ చుక్క మిగలలేదు. ఉతికి ఆరేసినవి అలాగే కట్టుకొచ్చారు. లంకవాళ్లూ అంతే. ప్రార్థన అయి అందరూ బయటికి వచ్చేసరికి కొల్లేటి మీంచి గాలి వీస్తోంది. మెత్తటి పంచెలూ, మెత్తటి చీరలూ, మెత్తటి కండువాలూ అందరి ఒంటికీ తడిబట్టల్లా అంటుకుపోయాయి. ఎవరు లంకవాళ్లో, ఎవరు పేటవాళ్లో వెనక నుంచి చూస్తే పోల్చలేకపోయాను.